అద్దెయిల్లు, సొంత పందిరి

ఖరగపూరు సమీపమునగల సాలువా ప్రధానముగా ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్సు పటాలమువారి నివాసము. అచట వీథిలో నేపాలీ వినబడును. పట్టణములోనికి వచ్చి రైల్వే క్వార్టర్లవైపు నడచినచో తెలుగు వినబడును. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై ఉత్తరాంధ్రమునుండి వచ్చిన కుటుంబముల సంతతివారు వీరు. ఇట్టివారు వ్రాసికొన్న తెలుగు ఎచట నిలుచునను ప్రశ్నయే నాచేత ఈ నాలుగు మాటలు వ్రాయించుచున్నది.

2020 డిసెంబరులో రెండు సంగతులు జరిగినవి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగుటకు అంగీకరించినది. అదే నెల 15వ తేదీన యాహూ గ్రూప్స్ మూతపడినది. మొదటి వార్త పత్రికల కెక్కినది. రెండవదానికి చింతించినవారు కొలదిమంది. కాని 'రచ్చబండ' అను తెలుగు గోష్ఠి నడచినది అచటనే. అచ్చుపత్రికలు చోటీయజాలనంత దీర్ఘముగా ఛందస్సును గూర్చియు, పదముల పుట్టుకను గూర్చియు అందు వాదోపవాదములు సాగినవి. పాత లేఖల నిలువను తొలగింతుమని ఆ సంస్థ 2019లోనే ప్రకటించి, అట్లే చేసినది. ముందుగా ప్రతులు దించుకొన్నవారికి దక్కినవి దక్కినవి. అద్దెయింటిలో గాదె కట్టుకొన్నవారికి ఇంతకంటె గతి యేమున్నది?

నేటి పెద్ద సామాజిక మాధ్యమములలో మరియొక చిక్కు కలదు. ప్రకటనలే వానికి జీవనాధారము. పాఠకుని చూపు దేనిపై ఎంతసేపు నిలుచునో లెక్కించి, ఆ లెక్కనుబట్టి యంత్రము వ్రాతలను పేర్చును. ఖండకావ్యమును, కలహమును అది ఒకే త్రాసులో తూచును. కలహమే బరువు తూగునని వేరుగ చెప్పనేల!

తమ పందిరి తామే వేసికొనవలెనను కోరిక క్రొత్తది కాదు. వంగదేశమున బుద్ధదేవ బసు 1935లో 'కవిత' పత్రికను స్థాపించి, తన యింటినే 'కవితాభవన్' అను ప్రచురణాలయముగా మార్చెను. మనలో అట్టి ప్రయత్నము అంతర్జాలమున 1998లో వెలసిన 'ఈమాట'. అమెరికాలోని తెలుగువారు లాభాపేక్ష లేక ఆరంభించిన పత్రిక యిది. అప్పటికి కంప్యూటరులో తెలుగు లిపి సుఖముగా కుదురుకొనలేదు. రోమను అక్షరములతో తెలుగు వ్రాసికొను పద్ధతియే చాలమందికి శరణ్యము. ఐనను వచ్చిన రచనను పరిశీలకులకు చూపి, దోషములెంచి, దిద్దించి ప్రకటించు మర్యాదను వారు వీడలేదు. తొలి సంచికలు నేటికిని చదువ లభించుచున్నవి. రచయితకు ఆ దిద్దుబాటు ఒకింత కష్టము తోచవచ్చును. ఐనను వేయి మెచ్చుకోలు గుర్తులకంటె ఒక పరిష్కర్త సందేహము నాకు మిన్నగా తోచును.

ఇట్టి చిన్న పందిళ్లు ఒకదాని నొకటి ఎరుగకున్నచో ఒంటరివగును. అందుకు యాక్టివిటీపబ్ అను ఉమ్మడి నియమావళి ఏర్పడినది. వెబ్ ప్రమాణములను నిర్ణయించు సంఘము 2018 జనవరిలో దానిని ఆమోదించినది. దీనికి మా రైలే ఉపమానము. ఒకప్పుడు వాల్తేరువద్ద బెంగాల్ నాగపూర్ రైల్వే ముగిసి మద్రాసు రైల్వే ఆరంభమగుచుండెను. యాజమాన్యములు వేరు, పట్టాల వెడల్పు ఒకటి. కావున పెట్టెలు సరకు దింపకయే హద్దు దాటినవి. అట్లే పదుగురు రచయితలు మాస్టొడాన్ వంటి ఉచిత సాఫ్టువేరుతో సొంత సర్వరు నెలకొల్పి, తమ నియమములు తాము వ్రాసికొని, ఇతర సర్వరులలోని పాఠకులతో సంభాషింపవచ్చును. అచట పొసగనిచో తమ ననుసరించు పాఠకులను వెంటబెట్టుకొని వేరొక సర్వరునకు తరలవచ్చును.

ఐతే పాఠకులు వత్తురుగాని, పాత వ్రాతలు వెంట రావు. పైగా సర్వరునకు నెలనెలా బాడుగ చెల్లింపవలెను, దుర్భాషలాడువారిని అదుపుచేయవలెను. ఈ భారము తరచుగా ఒక్కరిపైనే పడును. ఆ యొక్కరు అలసిననాడు పందిరియు కూలును. స్వతంత్రమైనంత మాత్రమున చిరస్థాయి యగునని భ్రమపడరాదు. ఈ విషయమున తెలుగు వికీపీడియా ఒక అడుగు ముందున్నది. 2003లో మొదలైన ఆ విజ్ఞానకోశమును ఎవరైనను మొత్తముగా దించుకొని దాచుకొనవచ్చును.

ఖరగపూరు యువకవులు తమ పద్యములను ఎచట ప్రకటింపవలెనని నన్నడుగుదురు. మూలప్రతి ఎచటనున్నదని నేను ఎదురడుగుదును.

"పాత ఫోనులో ఉండేదండీ, మాస్టారూ" అని తరచుగా సమాధానము.