మాత్ర ఒక్కటే.. మందులు రెండు!
బీపీ ‘కాంబినేషన్’ బిళ్లలతో జాగ్రత్త సుమా

రాయగడ, కొరాపుట్: చీటీ రాసేది విశాఖలో.. బీపీ చూపించుకునేది జయపురంలో.. మాత్రలు కొనేది రాయగడ బజారులో! సరిహద్దులో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇది మామూలే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడే వరకు కొరాపుట్ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖ ఏజెన్సీలో ఉండేది. రాష్ట్రాలు వేరైనా రాకపోకలు ఆగలేదు. పెద్ద జబ్బు చేసిందంటే రైలెక్కి విశాఖ కేజీహెచ్‌కో, విజయనగరానికో పరుగెత్తాల్సిందే. 2017లో కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల వచ్చాక కొంత ఊరట దొరికినా, పాత అలవాటు పూర్తిగా పోలేదు.

మంచి వైద్యం ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్లడంలో తప్పేమీ లేదు. చిక్కల్లా ఇద్దరు ముగ్గురు వైద్యుల చీటీలు ఒకే ఇంట్లో, ఒకే డబ్బాలో కలిసిపోయినప్పుడే. అందులోనూ బీపీ మాత్రల విషయంలో ఇది మరీ ప్రమాదం. ఎందుకంటే ఈ రోజుల్లో రాస్తున్న బీపీ బిళ్లల్లో చాలా వాటిలో ఉండేది ఒక మందు కాదు. రెండు, ఒక్కోసారి మూడు!

ఎందుకీ కలగలుపు?

బీపీ పెరగడానికి కారణం ఒక్కటే కాదు. రక్తనాళాలు బిగుసుకోవచ్చు. ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోవచ్చు. కిడ్నీల నుంచి మొదలయ్యే హార్మోన్ల ప్రభావం ఉండొచ్చు. ఒకే మందు మోతాదు పెంచుకుంటూ పోతే దుష్ఫలితాలూ పెరుగుతాయి. అదే తక్కువ మోతాదులో రెండు రకాలు కలిపితే బీపీ బాగా అదుపులోకి వస్తుంది. వేసుకోవాల్సిన బిళ్లలు తగ్గుతాయి కాబట్టి మానేసేవాళ్లూ తగ్గుతారు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ కాంబినేషన్ మాత్రలను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. 2021 మార్గదర్శకాల్లో రెండు మందులు అవసరమైనవారికి వీలైతే ఒకే బిళ్లగా ఇవ్వమంది. అంటే మందు మంచిదే. దాన్ని వాడే తీరులోనే ఉంది కిటుకంతా.

మన షాపుల్లో ఎక్కువగా కనిపించేవి ఇవి: టెల్మీసార్టాన్-ఆమ్లోడిపిన్, టెల్మీసార్టాన్-హైడ్రోక్లోరోథయాజైడ్, లోసార్టాన్-హైడ్రోక్లోరోథయాజైడ్, ఆమ్లోడిపిన్-అటెనొలాల్. మొదటి రెండింటిలోని మూడు మందులూ కలిపి ఒకే బిళ్లగానూ వస్తున్నాయి. ఆమ్లోడిపిన్ రక్తనాళాలను వదులు చేస్తుంది. టెల్మీసార్టాన్, లోసార్టాన్ ఆ నాళాలను బిగించే హార్మోన్‌కు అడ్డుపడతాయి. హైడ్రోక్లోరోథయాజైడ్ అదనపు ఉప్పును, నీటిని మూత్రంలో పంపేస్తుంది. అటెనొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది.

పాతవి అయిపోయేదాకా అంటే కుదరదు!

చాలా ఇళ్లలో జరిగేది ఇదీ.. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. మాత్రలు ఇంట్లో ఉంటాయి. విశాఖ వెళ్లొచ్చాక కొత్త చీటీలో టెల్మీసార్టాన్-ఆమ్లోడిపిన్ ఉంటుంది. ‘డబ్బులు పెట్టి కొన్నవి, ఊరికే వచ్చినవి ఎందుకు పారేయడం.. అవీ వేసుకుందాం’ అనుకుంటారు. పేర్లు వేరు, రంగులు వేరు. కానీ లోపల ఉన్న ఆమ్లోడిపిన్ ఒక్కటే! తెలియకుండానే మోతాదు రెట్టింపయిపోతుంది. కాళ్లు వాస్తాయి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. పెద్దవాళ్లయితే పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకునే ముప్పుంది.

ఇంకో పొరపాటు మరీ చెడ్డది. ఒక వైద్యుడు రామిప్రిల్ లాంటి మందు రాస్తారు. అది తెలియక మరొకరు టెల్మీసార్టాన్ రాస్తారు. ఈ రెండూ దాదాపు ఒకే దారిలో పనిచేసేవే. 2008లో వెలువడిన ‘ఆన్‌టార్గెట్’ అధ్యయనంలో 25 వేల మందికి పైగా రోగులను పరిశీలించారు. ఈ రెంటినీ కలిపి వాడితే అదనపు మేలు లేకపోగా బీపీ మరీ పడిపోవడం, కిడ్నీలు దెబ్బతినడం ఎక్కువైందని తేలింది.

పేరు చివరి అక్షరాలు చూశారా?

కంపెనీ పెట్టిన పేరు వెనుక ‘హెచ్’, ‘ఏఎం’, ‘సీటీ’ అని అక్షరాలు తగిలిస్తుంటారు. లోపల రెండో మందు ఉందని చెప్పే గుర్తులవి. ‘హెచ్’ ఉంటే సాధారణంగా హైడ్రోక్లోరోథయాజైడ్. ‘ఏఎం’ ఉంటే ఆమ్లోడిపిన్. ‘సీటీ’ అంటే క్లోర్‌థాలిడోన్. అయితే వీటినే నమ్ముకుంటే దెబ్బతింటాం. ఒక కంపెనీ ‘ఏ’ అంటే ఆమ్లోడిపిన్, మరో కంపెనీ ‘ఏ’ అంటే అటెనొలాల్! అక్షరం తోక తెగినా మందు మారిపోతుంది. కాబట్టి షాపులో అడగాల్సింది పెద్దక్షరాల పేరు కాదు, దాని కింద చిన్నగా రాసి ఉండే అసలు మందుల పేర్లు, మి.గ్రా. లెక్క.

చీటీలో రాసిన కంపెనీ సరుకు ఇక్కడ దొరక్క ‘అదే మందండీ’ అని వేరేది ఇస్తే కంగారు అక్కర్లేదు. జనరిక్ అయినా ఫరవాలేదు. రెండు స్ట్రిప్పులూ పక్కపక్కన పెట్టి చూడండి. మందుల పేర్లూ, మోతాదూ ఒకటే అయితే సరే. తేడా ఉంటే తీసుకోవద్దు. మందుల పేర్లు ఇంగ్లిషులో ఉంటాయి కాబట్టి చదువుకునే పిల్లల చేత చదివించి, తెలుగులోనో ఒడియాలోనో కాగితం మీద రాయించుకోండి.

మరో మాట.. నాలుగే మాత్రలు కొంటే షాపువాళ్లు స్ట్రిప్పు కత్తిరించి ఇస్తారు. మిగిలే ముక్క మీద పేరూ ఉండదు, గడువు తేదీ ఉండదు. వీలైతే మొత్తం స్ట్రిప్పు కొనండి. టెల్మీసార్టాన్ తేమను పీల్చుకునే గుణమున్న మందు. కొరాపుట్ కొండల్లో వానాకాలం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. బిళ్లలన్నీ ముందే విప్పి డబ్బాలో పోసి ఉంచకండి. వేసుకునే ముందే రేకు చింపండి.

వాంతులు, విరేచనాలైతే..?

ఈ రెండు జిల్లాల వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఇదే. రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో 2007లోనూ, మళ్లీ 2022లోనూ కలరా ప్రబలి ప్రాణాలు పోయాయి. వానలు మొదలైతే విరేచనాల కేసులు పెరగడం మనకు కొత్త కాదు. ఒంట్లోని నీరంతా పోతున్న సమయంలో, నీటిని ఇంకా బయటకు పంపే హైడ్రోక్లోరోథయాజైడ్‌ను, దానికి తోడు టెల్మీసార్టాన్‌ను వేసుకుంటే బీపీ బాగా పడిపోతుంది. కిడ్నీలకు రక్తం సరిగా అందక దెబ్బతింటాయి.

అలాగని సొంతంగా మందులు మానేసి కూర్చోవడమూ ముప్పే. మరి దారేది? ఆరోగ్యంగా ఉన్నప్పుడే వైద్యుణ్ని అడిగి ఉంచుకోవాలి. ‘వాంతులు, విరేచనాలై ఏమీ తినలేని రోజున ఈ మాత్ర ఆపాలా? మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?’ అని. చాలామంది వైద్యులు అలాంటప్పుడు తాత్కాలికంగా ఆపి, మామూలుగా తిని తాగడం మొదలయ్యాక ఒకటి రెండు రోజుల్లో తిరిగి వేసుకోమంటారు. ఎవరికి ఏది అన్నది వారి గుండె, కిడ్నీల పరిస్థితిని బట్టి ఉంటుంది. ఈలోగా ఓఆర్ఎస్ ఆపొద్దు. మూత్రం తగ్గినా, మత్తుగా పడి ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఒళ్లు నొప్పుల బిళ్లతో తంటా

జ్వరం, కీళ్లనొప్పులు రాగానే కిరాణా కొట్లోనో, మందుల షాపులోనో నొప్పి బిళ్ల అడిగి వేసుకోవడం మనవాళ్లకు అలవాటు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఏసీక్లోఫెనాక్.. ఇవన్నీ బీపీని పెంచుతాయి. టెల్మీసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్‌లకు ఇవి తోడైతే కిడ్నీల మీద మూడు వైపుల నుంచీ దెబ్బ పడుతుంది. జ్వరానికి పారాసిటమాల్ చాలు. మలేరియా ప్రాంతం కాబట్టి రక్తపరీక్ష మాత్రం మానొద్దు. ఏ బిళ్ల అడిగినా ‘నేను బీపీ మందు వాడుతున్నా’ అని ముందే చెప్పండి.

తిండి సంగతి కూడా. ఎండుచేప, ఆవకాయ, అప్పడాలు ఎక్కువైతే ఎంత మంచి మాత్ర వేసినా బీపీ దిగదు. ‘తక్కువ సోడియం ఉప్పు’ మంచిదని కొంటున్నవారూ ఓ మాట వినాలి. అందులో పొటాషియం కలుస్తుంది. టెల్మీసార్టాన్, లోసార్టాన్ కూడా ఒంట్లో పొటాషియంను పెంచుతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇది గుండె లయ తప్పేంత ప్రమాదం. అడక్కుండా వాడొద్దు. ఇప్పసారా, జీలుగు కల్లు తాగితే బీపీ అటూఇటూ అవుతుంది, తల తిరగడం ఎక్కువవుతుంది.

గర్భిణులకు వద్దు

టెల్మీసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ ఉన్న మాత్రలు గర్భిణులు వాడరాదు. కడుపులోని బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి. నెల తప్పిందని అనుమానం వచ్చిన రోజే ఆశా కార్యకర్తకో, వైద్యునికో చెబితే లాబెటలాల్, మిథైల్‌డోపా వంటి వేరే మందులకు మారుస్తారు. ఉబ్బసం ఉన్నవారు అటెనొలాల్ విషయంలో ముందే చెప్పాలి. దాన్ని ఉన్నపళంగా మానేస్తే గుండెకు ముప్పు.

బీపీ దిగింది కదా అని..

చూపించుకుంటే 130/80 వచ్చింది. ‘ఇక తగ్గిపోయింది’ అని మానేస్తారు. తగ్గించింది ఆ మాత్రే! ఆపితే కొన్నాళ్లకు మళ్లీ పెరుగుతుంది. బీపీకి నొప్పి తెలియదు కాబట్టి పెరిగిన సంగతీ తెలియదు. పక్షవాతం వచ్చి కాలూచెయ్యీ పడిపోయాక తెలిసినా చేసేది కొంతే. డబ్బుకు ఇబ్బందయితే మానేసే బదులు ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. ఒడిశాలో ‘నిరామయ’ పథకం కింద 2015 నుంచి మందులు ఉచితంగా ఇస్తున్నారు. అక్కడ రెండు మందులను విడివిడి బిళ్లలుగా ఇచ్చినా ఫలితం పోదు. అప్పుడు కలిపి ఉన్న పాత మాత్రను మాత్రం పక్కన పెట్టేయాలి.

ఇవి మరవొద్దు

* రోజూ ఒకే వేళకు వేసుకోండి. హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంటే పొద్దున వేసుకోవడం మేలు. రాత్రి మూత్రానికి లేవక్కర్లేదు.

* మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాడు వేళ దగ్గరపడితే వదిలేయండి. రెండు కలిపి వేసుకోవద్దు.

* వైద్యుణ్ని అడక్కుండా మాత్రను విరవొద్దు, నూరొద్దు.

* మందు మొదలుపెట్టాక కొద్ది వారాల్లో, ఆ తర్వాత చెప్పినప్పుడల్లా క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు చేయించుకోండి.

* ముఖం, పెదవులు, నాలుక వాస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

* ఏ ఊరు వెళ్లినా, ఏ వైద్యుణ్ని కలిసినా పాత చీటీ, వాడుతున్న స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో పెట్టి చూపించండి. కొత్త మాత్ర రాస్తే అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: ‘డాక్టరుగారూ, వీటిలో ఏది ఆపాలి?’