పాత వర్క్‌స్టేషన్‌లో లినక్స్ ఎక్కకపోతే ఎక్కడ వెతకాలి?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కాస్త కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. అవి లేని కంప్యూటర్లను ఆఫీసులు పక్కన పెడుతున్నాయి. హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునే మన పిల్లలు అలాంటి వాటిని ఒకటో రెండో పరిగి లాంటి ఊళ్లకు తెచ్చి, "సార్, ట్యూషన్ పిల్లలకు పనికొస్తాయేమో చూడండి" అంటున్నారు. పనికొస్తాయి. ఈపాస్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపడానికి ఇంటర్నెట్ షాపు ముందు గంటలకొద్దీ నిలబడే పిల్లలకు ఒక్క మిషన్ ఉన్నా ఎంతో మేలు. కానీ చాలాచోట్ల జరిగేది వేరు. లినక్స్ వేయబోతారు, మధ్యలో ఆగుతుంది, "మిషన్ పోయింది" అని తుక్కు కొనేవాళ్లకు ఇచ్చేస్తారు. మేము చూసినంతలో అలాంటి మిషన్లలో నిజంగా పోయినవి తక్కువ.

వర్క్‌స్టేషన్ అంటే ఇంజినీరింగ్ డ్రాయింగులు, సినిమా గ్రాఫిక్స్ వంటి బరువు పనుల కోసం చేసిన కంప్యూటర్. డబ్బా పెద్దది, బరువెక్కువ, ప్రాసెసర్ తరచుగా జియాన్ రకం. పదేళ్లు దాటినా పిల్లల పనికి దాని శక్తి ఎక్కువే. అందులో వేయడానికి మేము డెబియన్‌ను ఎంచుకుంటాం. ఇది 1993లో మొదలై, ప్రపంచమంతటా స్వచ్ఛందంగా పనిచేసేవారు నడుపుతున్న వ్యవస్థ. డబ్బు కట్టక్కర్లేదు, ఎన్ని మిషన్లలో వేసినా అడిగేవారు లేరు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర మీది మాటలు తెలుగులోనే చదువుకోవచ్చు. "ఇదంతా ఇంజినీర్ల వ్యవహారం" అనేవారికి మా జవాబు కేరళ. అక్కడి సర్కారు బళ్లలో పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు.

మొదట వెతకాల్సింది సాఫ్ట్‌వేర్‌లో కాదు. డబ్బా విప్పితే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలా గుండ్రటి సెల్లు కనబడుతుంది. దాని నంబరు సీఆర్ 2032, మూడు వోల్టులది. కరెంటు లేనప్పుడు కూడా తేదీని, బయోస్ సెట్టింగులను గుర్తుంచుకునేది ఈ సెల్లు బలంతోనే. ఏళ్లు గడిచిన మిషన్‌లో అది అయిపోయి ఉంటుంది. అప్పుడు కరెంటు పోయిన ప్రతిసారీ మిషన్ తన జ్ఞాపకం పోగొట్టుకుని ఫ్యాక్టరీలో పెట్టిన సెట్టింగులకు వెళ్లిపోతుంది. నిన్న చక్కగా నడిచింది, రాత్రి కరెంటు పోయింది, పొద్దున "బూట్ చేయడానికి డిస్క్ లేదు" అంటోంది. హార్డ్‌డిస్క్ పోయిందనుకుని కొత్తది కొంటారు. డిస్క్ బాగానే ఉంది, ఏ పద్ధతిలో లేవాలో మిషన్ మరచిపోయింది, అంతే.

ఆ పద్ధతులు రెండు. పాతది లెగసీ, కొత్తది యూఈఎఫ్ఐ. లినక్స్ ఏ పద్ధతిలో ఎక్కించామో ఆ పద్ధతిలోనే లేస్తుంది. పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టగానే డెబియన్ మెనూ పైన యూఈఎఫ్ఐ అనో బయోస్ అనో రాసి ఉంటుంది, అది చదివి కాగితం మీద రాసుకోవాలి. లెగసీ అయితే చివర్లో గ్రబ్ అనే బూట్ ప్రోగ్రాము ఏ డిస్క్ మీద వేయాలని అడుగుతుంది. అక్కడ పెన్‌డ్రైవ్ పేరు కూడా కనబడవచ్చు. పేరు చూసి కాదు, సైజు చూసి ఎంచుకోవాలి. లేకపోతే పెన్‌డ్రైవ్ తీయగానే మిషన్ లేవదు.

సెల్లు అయిపోతే వచ్చే ఇంకో తంటా తేదీ. మిషన్ తాను ఇంకా 2012లోనో మరెప్పుడో ఉన్నాననుకుంటే, వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు దాని లెక్కలో ఇంకా పుట్టలేదు. బ్రౌజర్ ఏ పేజీ తెరిచినా "సురక్షితం కాదు" అంటుంది, ప్యాకేజీలు దిగవు. నెట్ ఉంటే లినక్స్ సమయాన్ని తానే సరిచేసుకోవడానికి చూస్తుంది. అది కుదరకపోతే బయోస్‌లోకి వెళ్లి మనమే తేదీ దిద్దాలి. అందుకే ముందు సెల్లు మార్చి ఆ తర్వాతే పెన్‌డ్రైవ్ చేతిలోకి తీసుకోవాలని మా నియమం.

తెర నల్లగా ఉంటే ముందు కేబుల్ చూడండి. వర్క్‌స్టేషన్‌కు విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది. కేబుల్‌ను మదర్‌బోర్డు సాకెట్‌లో కాక ఆ కార్డుకే తగిలించాలి. ఆ కార్డుకు డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉండి, మన దగ్గర పాత వీజీఏ మానిటర్ ఉంటే మధ్యలో కన్వర్టర్ కావాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఇలాంటి సామాన్లు దొరుకుతాయి. కేబుల్ సరిగ్గా ఉండి, ఇన్‌స్టాలేషన్ అంతా అయ్యాక మొదటిసారి లేచేటప్పుడు తెర నల్లబడితే కార్డు డ్రైవర్‌ను అనుమానించాలి. గ్రబ్ మెనూలో ఇంగ్లిషు "ఇ" అక్షరం నొక్కి, "లినక్స్" అని మొదలయ్యే వరుస చివర ఒక ఖాళీ వదిలి నోమోడ్‌సెట్ అని ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, మధ్యలో విడదీయకుండా టైప్ చేసి ఎఫ్10 నొక్కాలి. కార్డు హంగులేవీ వాడకుండా సాదాగా బొమ్మ చూపించమని దాని అర్థం. తెర వెలిగాక సరైన డ్రైవర్ వేసుకోవచ్చు. ఈ మాట ఆ ఒక్కసారికే పనిచేస్తుంది, మళ్లీ లేచేటప్పుడు గుర్తుండదు.

ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగితే ఎక్కడ ఆగిందో గమనించాలి. ప్రతిసారీ ఒకేచోట ఆగితే ముందు పెన్‌డ్రైవ్‌ను అనుమానించాలి. డౌన్‌లోడ్ సగంలో తెగిందేమో, లేదా ఫైల్‌ను రూఫస్ వంటి ప్రోగ్రాముతో రాయకుండా మామూలుగా కాపీ చేశారేమో. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే ర్యామ్‌ను, డిస్క్‌ను చూడాలి. మెమ్‌టెస్ట్ అనే ఉచిత ప్రోగ్రాముతో రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించవచ్చు. వర్క్‌స్టేషన్లలో ర్యామ్ తరచుగా ఈసీసీ రకం, తప్పులను తానే దిద్దుకునేది. తక్కువైందని మామూలు డెస్క్‌టాప్ ర్యామ్ తెచ్చి దానితో కలిపితే చాలా మిషన్లు అసలు లేవవు. ఏం జరిగిందో తెలియనప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే ఇన్‌స్టాలర్ రాసుకున్న చిట్టా కనబడుతుంది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి తెలిసినవారికి పంపితే సగం పని అయినట్టే. "ఎక్కడంలేదు సార్" అని ఫోన్‌లో చెబితే ఎవరూ సాయం చేయలేరు.

వైఫై అందకపోతే దిగులు పడక్కర్లేదు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి చాలా కార్డులకు కావలసిన ఫర్మ్‌వేర్ అసలు ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది. అప్పటికీ రాకపోతే ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే సరిపోతుంది. మరీ పాత 32 బిట్ ప్రాసెసర్ అయితే మాత్రం 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు ఇన్‌స్టాలర్ లేదు. వర్క్‌స్టేషన్లలో అలాంటివి ఇప్పుడు అరుదు.

మిషన్ లేచాక కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు, ఉర్దూ రెండూ కలుపుకోవాలి. ఉర్దూకు నోటో నస్తాలీఖ్ ఫాంటు వేస్తే పుస్తకంలో చదివిన లిపి తెర మీద అలాగే కనబడుతుంది. అది లేకపోతే అరబ్బీ తరహా అక్షరాలు వస్తాయి, చిన్నపిల్లలు చదవలేక తికమకపడతారు. ఇచ్చినవారి పాత ఫైళ్లు డిస్క్‌లో ఉంటే వారిని అడిగాకే చెరిపేయండి. చివరగా డబ్బా పక్కన ఒక చీటీ అంటించండి. సెల్లు మార్చిన తేదీ, యూఈఎఫ్ఐయా లెగసీయా, నోమోడ్‌సెట్ అవసరమైందా లేదా, ఈ మూడూ దాని మీద ఉంటే మనం ఊళ్లో లేని రోజున కూడా తొమ్మిదో తరగతి పిల్లవాడు మిషన్‌ను లేపుకోగలడు.