మెకంజీ కైఫియత్తులు

మెకంజీ కైఫియత్తులు అనగా కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) తన సహాయకుల ద్వారా 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట దక్షిణ భారతదేశంలో సేకరింపజేసిన గ్రామచరిత్రలు. మెకంజీ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు, సర్వేయరు. గ్రామచరిత్రలతో పాటు తాళపత్ర గ్రంథాలు, శాసనాల నకళ్ళు, చిత్రాలు, పటాలు, నాణేలు, శిల్పాలు కూడ ఆయన సేకరించాడు. వీటన్నింటినీ కలిపి మెకంజీ సేకరణ అంటారు. ఆంధ్రదేశపు మధ్యయుగ చరిత్రకు శాసనాల తరువాత చెప్పుకోదగిన ఆధారాలలో కైఫియత్తులు ముఖ్యమైనవి. ఈ కాగితాలు మెకంజీ పేరుతో ప్రసిద్ధమైనా, వాటిని ఊరూరా తిరిగి సేకరించినవారు, చదివినవారు, తరువాతి కాలంలో ఎత్తివ్రాసి కాపాడినవారు చాలావరకు తెలుగువారే.

పేరు

కైఫియత్తు అనే మాట అరబ్బీ నుండి పారశీకం, ఉర్దూల ద్వారా తెలుగులోకి వచ్చింది. స్థితి, వృత్తాంతం, వివరణ అని దీని అర్థం. నవాబుల కాలపు కచేరీలలో ఒక విషయాన్ని గూర్చి వ్రాసి సమర్పించే వివరాన్ని కైఫియత్తు అనేవారు. మెకంజీ మనుషులు గ్రామ కరణాలను అడిగి వ్రాయించినవి కూడ ఇట్టి వివరాలే కనుక ఆ పేరే స్థిరపడింది. సి.పి.బ్రౌన్ వ్రాయించిన శుద్ధప్రతులను చరిత్రకారులు లోకల్ రికార్డ్స్ అని, స్థానిక చరిత్రలని వ్యవహరిస్తారు.

కాలిన్ మెకంజీ

మెకంజీ స్కాట్లాండుకు వాయవ్యాన ఉన్న లూయిస్ ద్వీపంలోని స్టోర్నోవే పట్టణంలో జన్మించాడు. 1783లో మద్రాసుకు వచ్చి కంపెనీ సైన్యంలో చేరాడు. 1794లో శ్రీశైల క్షేత్రాన్ని దర్శించి, ఆ ఆలయాన్ని గూర్చి వ్రాసిన వ్యాసం ఏషియాటిక్ రీసెర్చెస్ పత్రికలో అచ్చయింది. హైదరాబాదులో నిజాం వద్దనున్న కంపెనీ సేనకు ఇంజనీరుగా పనిచేస్తూ నిజాం రాజ్యపు పటాలను తయారుచేశాడు. 1799లో టిప్పు సుల్తాను మీద జరిగిన యుద్ధంలో పాల్గొన్నాడు. ఆ మరుసటి సంవత్సరం మొదలైన మైసూరు సర్వేకు అధిపతి అయి సుమారు పది సంవత్సరాలు ఆ పని నడిపాడు. తరువాత దత్తమండలాల (కడప, కర్నూలు, అనంతపురం, బళ్ళారి ప్రాంతాల) సర్వే జరిగింది. 1811–1813 మధ్య జావా దండయాత్రలో ఉన్నాడు. 1815లో భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్‌గా నియమితుడయ్యాడు. 1821 మే 8న మరణించాడు.

మెకంజీకి ఈ దేశ భాషలలో ప్రవేశం లేదు. ఈ విషయాన్ని ఆయనే 1817లో సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు వ్రాసిన లేఖలో ఒప్పుకున్నాడు. భారతీయ విజ్ఞానంలోకి తనకు తొలి ద్వారం తెరచినవాడు ఒక బ్రాహ్మణ యువకుడని అదే లేఖలో పేర్కొన్నాడు. ఆ యువకుడే కావలి వెంకట బొర్రయ్య.

కావలి సోదరులు

కావలి వెంకట బొర్రయ్య ఏలూరుకు చెందిన నియోగి బ్రాహ్మణుడు. తెలుగు, సంస్కృతం, పారశీకం, హిందుస్తానీ, ఇంగ్లీషు నేర్చినవాడు. 1796లో మెకంజీ కొలువులో చేరాడు. ఊళ్ళకు మనుషులను పంపడం, వారు తెచ్చిన కాగితాలను పరిశీలించడం, శాసనాలను చదివి అర్థం చెప్పడం మొదలైన పద్ధతులు ఏర్పడడానికి ముఖ్య కారకుడు ఆయనే. పాత కన్నడ లిపిలోని ఒక శాసనాన్ని చదివి అర్థం చెప్పినట్లు ఆయన తమ్ముడు వ్రాశాడు. జైనులను గూర్చి బొర్రయ్య అనువదించిన వ్యాసం 1807లో ఏషియాటిక్ రీసెర్చెస్ తొమ్మిదవ సంపుటంలో ఆయన పేరుతోనే వెలువడింది. కాని అప్పటికి ఆయన జీవించి లేడు. 1803లో చిన్న వయసులోనే మరణించాడు.

అన్న స్థానంలోకి వచ్చిన కావలి వెంకట లక్ష్మయ్య మెకంజీ మరణించేవరకు ఈ పనిని నడిపాడు. వేర్వేరు ప్రాంతాలలో తిరిగే సహాయకులకు సూచనలు పంపడం, వారి నివేదికలు అందుకోవడం, అనువాదాలను సిద్ధం చేయించడం ఆయన బాధ్యతలు. మరొక సోదరుడు కావలి వెంకట రామస్వామి దక్కను కవుల జీవితాలను గూర్చి ఇంగ్లీషులో వ్రాసిన గ్రంథం 1829లో కలకత్తాలో అచ్చయింది. జైన పండితుడైన ధర్మయ్య, నారాయణరావు, ఆనందరావు మొదలైనవారు కూడ మెకంజీ వద్ద పనిచేశారు. థామస్ హికీ 1816లో చిత్రించిన మెకంజీ తైలవర్ణ చిత్రంలో ఆయన వెనుక ముగ్గురు భారతీయ సహాయకులు నిలబడి ఉంటారు. వారిలో లక్ష్మయ్య, ధర్మయ్య ఉన్నారని పరిశోధకులు గుర్తించారు.

బొర్రయ్య వంటివారికి శాసనాలు చదివే నేర్పు ఎలా అలవడింది అన్న ప్రశ్నను అమెరికా చరిత్రకారుడు ఫిలిప్ వాగొనర్ 2003లో ప్రచురించిన వ్యాసంలో చర్చించాడు. ఆర్కాటు నవాబుల పాలనలో నియోగులు తరతరాలుగా లెక్కలు, దస్తావేజులు చూచే ఉద్యోగాలు చేసేవారని, పాత పత్రాలను పరీక్షించే ఆ అలవాటే శాసన పరిశోధనకు పనికివచ్చిందని ఆయన వాదించాడు. ఈ దృష్టితో చూస్తే మెకంజీ సేకరణ ఒక్క యూరోపియను కృషి కాదు.

సేకరణ విధానం

సహాయకుడు గ్రామానికి చేరి, అక్కడి కరణాన్ని, ఆలయ అర్చకులను, పెద్దలను కలిసేవాడు. కరణాల వద్ద వంశపారంపర్యంగా వచ్చే దండకవిలె అనే పాత లెక్కల పుస్తకాలు ఉండేవి. వాటిలో గ్రామం ఎవరి కాలంలో కట్టారు, ఏ రాజులు ఏలారు, మాన్యాలు ఎవరికి ఇచ్చారు అన్న విషయాలు వ్రాసి ఉండేవి. వాటిని చూచి, పెద్దలు చెప్పినది చేర్చి, ఊరిలోని శాసనాలను ఎత్తివ్రాసి కైఫియత్తును సిద్ధం చేసేవారు. కొన్నిచోట్ల జనం భయపడి వివరాలు చెప్పడానికి వెనుకాడేవారు. సర్వే చేసే దొర మనుషులు వచ్చి మాన్యాల సంగతి అడుగుతున్నారంటే పన్నులు పెరుగుతాయేమోనని, మాన్యాలు పోతాయేమోనని శంకించడం సహజమే.

కైఫియత్తులోని విషయాలు

సాధారణంగా కైఫియత్తు "కైఫియ్యతు మౌజే" అని మొదలై గ్రామం పేరు, తాలూకా, సర్కారు పేర్లతో సాగుతుంది. మౌజే అనగా గ్రామం. ఆ తరువాత కింది విషయాలు ఉంటాయి.

గ్రామానికి ఆ పేరు రావడానికి కారణం, స్థలపురాణం
ఏలిన రాజవంశాలు, వారి తరువాత వచ్చిన నవాబులు, పాళెగాళ్ళు, జమీందారులు
ఆలయాలు, వాటి ఉత్సవాలు, మాన్యాలు, అగ్రహారాలు
చెరువులు, కాలువలు, బావులు, వాటిని త్రవ్వించినవారు
పొలిమేరలు, పంటలు, కొండలు, చెట్లు
శాసనాల నకళ్ళు

రాజుల యుద్ధాలను గూర్చి మాత్రమే తెలిపే గ్రంథాలలో కనిపించని సామాన్య జీవితం వీటిలో కనబడుతుంది. కరవు వచ్చి ఊరు పాడుపడిన సంగతి, కట్ట తెగిన చెరువును తిరిగి వేయించిన సంగతి, ఒక ఊరివారు వలసపోయి మరొక ఊరు కట్టుకున్న సంగతి ఇట్టివి. కైఫియత్తుల భాష కూడ గమనింపదగినది. పండితులు గ్రాంథికంలో పద్యాలు వ్రాస్తున్న కాలంలో కరణాలు వ్యవహారంలోని మాటలతో, పారశీక పదాలతో, విరామచిహ్నాలు లేని పొడవైన వాక్యాలతో వచనం వ్రాశారు. ఆనాటి తెలుగు వచనాన్ని అధ్యయనం చేసేవారికి ఇవి మంచి ఆధారం.

అమరావతి చిత్రాలు

మెకంజీ 1797లో మొదటిసారి అమరావతి దిబ్బను చూశాడు. ఆ కాలంలో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిని తన రాజధానిగా నిర్మిస్తున్నాడు. కట్టడాలకు కావలసిన రాళ్ళ కోసం దిబ్బను త్రవ్వుతుండగా శిల్పాలు బయటపడ్డాయి. మెకంజీ 1816లో తిరిగి వచ్చేసరికి స్తూపంలో అధికభాగం నాశనమై ఉన్నది. అప్పుడు తన చిత్రకారులతో మిగిలిన శిల్పఫలకాలను, స్థలపు పటాన్ని శ్రద్ధగా వ్రాయించాడు. ఆ చిత్రాల సంపుటం లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. ఫలకాలలో కొన్ని తరువాతి కాలంలో కనుమరుగయ్యాయి. వాటి రూపం తెలియడానికి ఈ చిత్రాలే మిగిలిన ఆధారం.

అమరావతి శాసనాలు బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. 1816లో ఆ లిపిని చదవగలిగినవారు ఎవరూ లేరు. జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి రహస్యాన్ని ఛేదించినది 1837లో. అనగా చదవడం తెలియని అక్షరాలను రూపం చెడకుండా ఎత్తివ్రాసినందువల్లనే తరువాతివారికి అవి ఉపయోగపడ్డాయి. ఈజిప్టులోను ఇదే జరిగింది. మెకంజీ శ్రీరంగపట్నం యుద్ధంలో ఉన్న 1799లోనే అక్కడ రొసెట్టా శిల దొరికింది. నెపోలియన్ వెంట వెళ్ళిన పండితులు చదవలేని చిత్రలిపి శాసనాలకు నకళ్ళు వ్రాసుకున్నారు. 1822లో షాంపోలియన్ ఆ లిపిని చదివిన తరువాత ఇట్టి నకళ్ళకు అర్థం ఏర్పడింది.

మెకంజీ మరణానంతరం

మెకంజీ తన సేకరణకు వివరమైన పట్టిక తయారుచేయాలని తలచాడు కాని ఆ కోరిక తీరలేదు. ఆయన భార్య నుండి కంపెనీ ప్రభుత్వం ఈ సేకరణను 10,000 పౌండ్లకు కొన్నది. సంస్కృత పండితుడైన హోరేస్ హేమన్ విల్సన్ దీని పట్టికను రెండు సంపుటాలుగా 1828లో కలకత్తాలో ప్రచురించాడు. విల్సన్‌కు దక్షిణాది భాషలు రానందున దేశీయ సహాయకుల అనువాదాలు, పట్టికల మీద ఆధారపడవలసి వచ్చింది. ఆయన ఇచ్చిన లెక్క ఇది.

గ్రంథాల వ్రాతప్రతులు: 1,568
స్థానిక చరిత్రలు: 2,070
శాసనాల నకళ్ళు: 8,076
అనువాదాలు: 2,159
పటాలు: 79
చిత్రాలు: 2,630
నాణేలు: 6,218
విగ్రహాలు: 106
ఇతర పురావస్తువులు: 40

తరువాత ఈ సేకరణ ముక్కలైంది. చిత్రాలు, అనువాదాలు, పటాలు మొదలైనవి లండనుకు చేరాయి. దక్షిణ భారత భాషలలోని వ్రాతప్రతులు, స్థానిక చరిత్రలు 1828లో మద్రాసుకు వచ్చాయి. ఒకే ఊరికి సంబంధించిన కైఫియత్తు ఒక దేశంలోను, దాని అనువాదం, చిత్రం మరొక దేశంలోను ఉండే పరిస్థితి ఇలా ఏర్పడింది.

లక్ష్మయ్య ఈ పనిని కొనసాగించాలని కోరి ప్రభుత్వానికి విన్నవించుకున్నాడు. ఆ విన్నపం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పరిశీలనకు వెళ్ళింది. సాక్ష్యాల విలువను తూచి సారాంశం తీయగల అధిపతి లేనిదే ఇంత పెద్ద పని సాగదని 1836లో సొసైటీ అభిప్రాయపడింది. అంతకుముందు పద్దెనిమిదేళ్ళ పాటు ఆ పనిని నడిపినవాడు లక్ష్మయ్యే అన్నది వారి నిర్ణయంలో లెక్కకు రాలేదు. మద్రాసులోని మతబోధకుడు విలియం టేలర్‌కు ఆ బాధ్యత అప్పగించారు.

వ్రాతప్రతుల రక్షణ

టేలర్ చూచేనాటికే అనేక కాగితాలు పురుగులు తిని, సిరా వెలసి ఉన్నాయి. చదవడానికి వీలైనంతవరకు కొన్నింటిని తిరిగి వ్రాయించాడు. ఆయన వివరణ పట్టిక 1857–1862 మధ్య మూడు సంపుటాలుగా వెలువడింది. తెలుగు కైఫియత్తులకు సంబంధించి ఎక్కువ మేలు చేసినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన పండితులను, లేఖకులను నియమించి శిథిలమవుతున్న తెలుగు కైఫియత్తులకు శుద్ధప్రతులు వ్రాయించాడు. మూలం పాడైన చోట్ల నేడు ఈ నకళ్ళే దిక్కు. మెకంజీ, బ్రౌన్ సేకరణలు, లండనులోని ఇండియా హౌస్ నుండి వచ్చిన వ్రాతప్రతులు కలిసి, 1869లో ఏర్పడిన మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి పునాది అయ్యాయి.

చరిత్ర రచనలో కైఫియత్తులు

మల్లంపల్లి సోమశేఖరశర్మ కాకతీయ, రెడ్డిరాజుల చరిత్రలు వ్రాయడంలో వీటిని ఉపయోగించుకున్నాడు. నేలటూరి వెంకటరమణయ్య, కె.ఎ.నీలకంఠశాస్త్రి 1946లో ప్రచురించిన విజయనగర చరిత్ర ఆధారాల సంపుటాలలో స్థానిక చరిత్రల నుండి అనేక భాగాలను చేర్చారు. గండికోట పెమ్మసాని నాయకుల చరిత్రకు గండికోట కైఫియత్తు ముఖ్యమైన ఆధారం. మద్రాసు విశ్వవిద్యాలయం తరఫున టి.వి.మహాలింగం తయారుచేసిన సంగ్రహాలు 1972, 1976లలో రెండు సంపుటాలుగా వచ్చాయి. వాటిలో రెండవది తెలుగు, కన్నడ, మరాఠీ వ్రాతప్రతులకు సంబంధించినది. కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా ప్రచురించింది.

ప్రామాణికత

కైఫియత్తులోని ప్రతి మాటను చరిత్రగా తీసుకోరాదు. మొదటి భాగాలలో జనమేజయుడు, ముక్కంటి పల్లవుడు మొదలైనవారు దానాలు చేసినట్లు తరచుగా ఉంటుంది. తేదీలలో కూడ పొరపాట్లు ఉన్నాయి. ఉదాహరణకు గణపతిదేవుని మంత్రి గోపరాజు రామన్న శాలివాహన శకం 1067లో నియోగులకు కరణీకాలు ఇప్పించినట్లు కొన్ని కైఫియత్తులలో ఉన్నది. ఆ సంవత్సరం సామాన్య శకం 1145కు సరిపోతుంది. కాకతీయ గణపతిదేవుడు రాజ్యం చేసినది 1199–1262 మధ్య. కనుక తేదీ అయినా, రాజు పేరైనా సరికాదు. అయితే కరణాలు తమ హక్కుకు మూలంగా ఆ కథను తరతరాలుగా చెప్పుకున్నారన్నది మాత్రం వాస్తవం. వ్రాసిన కాలానికి దగ్గరగా వచ్చేకొద్దీ, అనగా 17, 18 శతాబ్దాల విషయాలలో, కైఫియత్తుల విశ్వసనీయత పెరుగుతుంది. శాసనాలతోను, ఇతర ఆధారాలతోను పోల్చి చూడడం సరియైన పద్ధతి.

పత్రాలు, ప్రచురణ

పరిశోధకుడు మరణించిన తరువాత అతని కాగితాల గతి ఏమి అన్నది అన్ని దేశాలలోను ఉన్న సమస్యే. ఈజిప్టులో 1922లో టుటంకామున్ సమాధిని కనుగొన్న హోవర్డ్ కార్టర్ పూర్తి శాస్త్రీయ నివేదికను ప్రచురించకుండానే 1939లో మరణించాడు. ఆయన చీటీలు, దినచర్యలు, పటాలు ఆక్స్‌ఫర్డ్‌లోని గ్రిఫిత్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరాయి. ఆ సంస్థ వాటిని అంతర్జాలంలో పెట్టినందువల్ల కార్టర్ ముగించని పనిని నేడు ఏ దేశపు విద్యార్థి అయినా పరిశీలించవచ్చును.

మెకంజీ పని కూడ ఆయన చేతుల మీదుగా ముగియలేదు. 2017లో ఆయన జన్మస్థలమైన స్టోర్నోవేలో ఆయన సేకరణపై ప్రదర్శన జరిగింది. కాని తెలుగు కైఫియత్తులలో కొంతభాగం మాత్రమే ఇంతవరకు అచ్చయింది. చెరువులు పూడిపోయి, పేర్లు మారి, దండకవిలెలు నశించిన ఎన్నో గ్రామాలకు రెండువందల ఏళ్ళ క్రితపు తమ కరణం చెప్పిన వృత్తాంతమే మిగిలిన చరిత్ర. ఆ వ్రాతను, అందులోని పాత పదాలను చదివి పరిష్కరించగలవారు తగ్గిపోకముందే మిగిలిన సంపుటాలు వెలుగు చూడవలసి ఉన్నది.