బదనికలన్నీ దొంగలు కావు

బెల్లంపల్లి చుట్టుపక్కల చాలామంది రైతులకు మామిడితోటే ఆధారం. తోటలో బదనిక పడితే కొమ్మతో సహా కొట్టేయాల్సిందే. పక్షులు మోసుకొచ్చిన గింజ కొమ్మమీద మొలిచి, లోపలికి వేరు దింపి, రసం పీల్చి కొమ్మను ఎండబెడుతుంది.

అయితే బదనిక పేరుతోనే పిలిచే మొక్క ఇంకొకటుంది. అది ఆర్కిడ్ జాతిది. శాస్త్రంలో వాండా టెస్సెలేటా. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ దొర 1795లో దీన్ని గ్రంథానికెక్కించాడు. తాళ్ళలాంటి తెల్లని వేర్లు బెరడును పట్టుకుంటాయే గాని లోపలికి దిగవు. వాన నీటిని, గాలిలో తేమను తాగి బతుకుతుంది. చెట్టు సొమ్ము ముట్టదు. గళ్ళ గళ్ళ పువ్వు, మంచి వాసన. దీన్ని నరకవద్దని రైతు సోదరులకు మా మనవి.

పెంచడమూ కష్టం కాదు. పడిపోయిన చెట్టుమీది మొక్కను తెచ్చి కొబ్బరిపీచుతో మామిడి మానుకు కట్టండి. లేదా బుట్టలో ఇటుక ముక్కలు, కర్రబొగ్గు వేసి వేలాడదీయండి. సింగరేణి బొగ్గు పనికిరాదు! మన్ను వద్దు. సగం నీడ, రోజూ నీళ్ళ చిలకరింపు చాలు.

చిక్కల్లా విత్తనంతోనే. కాయలో వేలాది గింజలున్నా దుమ్ములా ఉంటాయి. వాటిలో తిండి నిల్వ ఉండదు. ఒక రకం బూజు తోడైతేనే అడవిలో మొలుస్తాయి. లేదా ప్రయోగశాలలో చక్కెర కలిపిన ఆహారంపై మొలిపించాలి. ఇది రైతు ఇంట్లో అయ్యే పని కాదు. వేర్లు మందుకని, పువ్వు అందమని అడవిని ఊడ్చేస్తే మిగిలేది శూన్యమే. బెల్లంపల్లి కృషి విజ్ఞాన కేంద్రం, ఉద్యానశాఖ నారు పెంచి చిన్న రైతులకు చవకగా ఇవ్వాలి. పూలకు గిట్టుబాటు ధర చూపాలి. అప్పుడే అడవీ నిలుస్తుంది, రైతుకూ నాలుగు రాళ్ళు దక్కుతాయి.