పీచుపలకకు రంగు నిలుచుట ఎట్లు?

ఎం.డి.ఎఫ్. బోర్డుతో చేసిన అలమర తలుపునకు రెండు పూతలు వేసినను, ముఖము నున్నగా మెరయును గాని అంచు గరుకుగా, వెలవెలబోయినట్లు కనబడును. లోపము రంగులో లేదు. బోర్డు నిర్మాణములోనే కలదు.

కట్టెను ఆవిరితో మెత్తపరచి పీచుగా విడదీసి, యూరియా-ఫార్మాల్డిహైడు జిగురు కలిపి, వేడి పలకల నడుమ అదిమిన ఈ బోర్డు తయారగును. ఇట్టి కర్మాగారమొకటి శ్రీకాళహస్తి సమీపమున 2018లో ప్రారంభమైనది. వేడి ముందుగా పైపొరలకు తగులుటచే అవి దట్టముగా అణగును. నడిమిపొర కొంత వదులుగా మిగులును. రంపముతో కోసినచోట ఆ పొరయే బయటపడి తడిని పీల్చును. అణగిన పీచు ఉబ్బినచో, ఆరిన తరువాత కూడ పూర్తిగా పూర్వస్థితికి రాదు. వేసవి ఎండ, వానకాలపు తేమ రెండును గల రంగారెడ్డి జిల్లా కందుకూరు వంటి ఊళ్ళలో ఈ జాగ్రత్త మరింత అవసరము.

కావున మొదట అంచును 180 నంబరు ఉప్పుకాగితముతో రుద్ది, పొడి తుడిచి, నూనె ప్రైమరు పూయవలెను. ఆరిన పిదప 320 నంబరు కాగితముతో తేలికగా రుద్ది, మరియొక పూత వేసి, అటుపై రంగు వేయవలెను. రెండు ముఖములకును పూత ఉండవలెను; ఒకవైపే ఉన్నచో బోర్డు వంగవచ్చును.

రుద్దునపుడు లేచు పొడి మిక్కిలి సన్ననిది. జిగురులోని ఫార్మాల్డిహైడును అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో క్యాన్సరు కారకముగా నిర్ణయించినది. ఈ పనిని ఆరుబయట, ముక్కునకు దుమ్ము మాస్కు కట్టుకొని చేయవలెను.

బడిలో దీనిని పరీక్షింపవచ్చును. రెండు ముక్కలలో ఒకదాని అంచులకు మాత్రము ప్రైమరు పూసి ఆరనిచ్చి, రెండింటిని తడిగుడ్డపై అంచు ఆన్చి నిలిపి, మరునాడు మందము కొలిచినచో తేడా తెలియును.