గుజ్జు అరిగితే నడక మానాలా?

పోచారం ప్రాజెక్టు నీళ్లు వదిలితే నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లో నాట్లు మొదలవుతాయి. మోకాళ్ల నొప్పులున్న ఆడవాళ్లకు అవి గడ్డు రోజులు. బురదలోంచి ఒక్కో కాలు పీకి వెనక్కి వేయాలి, గట్టు ఎక్కాలి, దిగాలి. పొలం పని లేనినాడు బీడీల చాట ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి నేల మీదే.

ఎక్స్‌రే తీయిస్తే వినబడే మాట ‘గుజ్జు అరిగింది’. వెంటనే ఇంట్లోవాళ్లు ‘ఇక నడవకు’ అంటారు. అరుగుదల కన్నా ఈ సలహాయే ఎక్కువ చెరుపు చేస్తుందని నా అభిప్రాయం. గుజ్జు అంటే ఎముకల చివర ఉండే నున్నటి పొర. దానికి నరాలు లేవు, రక్తనాళాలూ లేవు. కీలు కదులుతుంటేనే లోపలి జిగురు ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. నొప్పి పుట్టేది కింది ఎముకలో, కీలు లోపలి పొర వాపులో. అందుకే ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనిపించినా హాయిగా తిరిగేవాళ్లున్నారు, కొద్దిపాటి అరుగుదలకే మంచం పట్టినవాళ్లూ ఉన్నారు. ఇందుకు కారణాలు చాలా. మన చేతిలో ఉన్నది మాత్రం తొడ కండరం.

కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపండి. తొడ బిగించి 5 అంకెలు లెక్కపెట్టి, మెల్లగా దించండి. ఒక్కో కాలికి 10 సార్లు, రోజుకు రెండు పూటలా. మొదట్లో కాస్త సలుపుతుంది, భయపడక్కర్లేదు. మర్నాటికీ తగ్గకపోతే లెక్క తగ్గించండి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. కర్ర నొప్పి ఉన్న వైపు కాదు, అవతలి చేతిలో పట్టాలి. బీడీలు చుట్టేటప్పుడు ఎత్తు పీటో కుర్చీయో వేసుకుని, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయండి.

ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై దాదాపు 4 కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు.

ఇక సూదులు, గోలీలు. డైక్లోఫెనాక్ లాంటివి నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. పైపూత జెల్ కొంత నయం. ఏ మందో చెప్పకుండా పొడిచే సూది వేయించుకోవద్దు. స్టెరాయిడ్ అయితే నాలుగు రోజులు హాయిగానే ఉంటుంది. మాటిమాటికీ వేయించుకుంటే మాత్రం ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది.

మోకాలు ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, పడ్డాక కాలు మోపలేకపోయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పొద్దున లేవగానే చేతివేళ్లు కూడా గంటసేపు బిగుసుకుపోతుంటే అది వేరే కీళ్లజబ్బు కావచ్చు, రక్తపరీక్ష చేయించాలి.

ఏం చేసినా రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉంటేనే కీలు మార్పిడి ఆలోచన. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకాలి ధరలకు గరిష్ఠ పరిమితి పెట్టింది. అది పరికరానికే, ఆసుపత్రి ఖర్చు వేరు. ఆపరేషన్ మర్నాడే లేపి నిలబెట్టి, ఇదే తొడ వ్యాయామం చేయిస్తారు.