వార్తకు గడువు

2024 మే 13న చల్లపల్లి ఓటర్లు తమ ఓట్లు వేసిరి. ఓటు వేసి వచ్చినవారిని అడిగి కట్టు అంచనాలు, అనగా ఎగ్జిట్ పోల్స్, మాత్రము జూన్ 1 సాయంకాలము 6.30 గంటల వరకు వెలువడరాదని ఎన్నికల సంఘము నిషేధించెను.

వార్తను ఇట్లు నిర్ణీత సమయము వరకు నిలిపి ఉంచుటను ‘ఎంబార్గో’ అందురు. ఓడలను రేవు దాటనీయని ఉత్తరువుకు మొదట ఈ పేరు వాడిరి.

నిషేధమునకు కారణమేమి? దేశములో పోలింగు ఏడు విడతలుగా జరిగెను. ముందు ఓటు వేసినవారి మొగ్గు తెలిసినచో, తరువాతివారు గెలుచు పక్షము వైపు మరలవచ్చును. లేదా ‘ఇక మన ఓటెందుకు?’ అని ఇంటనే ఉండిపోవచ్చును. అందుచేతనే 2009 సవరణతో ప్రజాప్రాతినిధ్య చట్టములో 126-ఎ సెక్షను చేరినది. దానిని మీరినవారికి రెండేండ్ల వరకు జైలు, లేక జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

చివరి ఓటు పడిన పిదప అదే అంచనా ఎవరి ఓటునూ మార్చజాలదు.